మా అమ్మ నాలి చెట్టు రాబడి ఏ రకం?

శ్రీయుత దీవి అటవీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అమ్మ నాలి గింజల చెట్టు మీద తమరు వేయించిన ఎర్ర గుర్తు చెరిపించుట గురించి.

ఇసబెల్ దీవి, కోలోటా ఊరి కాపురస్థుడను, దుంగల కంపెనీలో రంపం కూలీని, మోఫట్ బోసోకురు అనువాడను వ్రాసుకొను అర్జీ ఏమనగా:

1. పోయిన నెల తమరు మా చర్చి ముందు నిలబడి రాబడి నాలుగు రకాలని సెలవిచ్చితిరి. నేలకు కౌలు, ఒంటికి కూలి, అప్పుకు వడ్డీ, పూనుకున్నవాడికి లాభం. విన్నాను. కౌలు మా మేనమామ సెల్విన్ పుచ్చుకొనుచున్నాడు, మా వంశానికి పెద్ద గనుక. లాభం కంపెనీది. కూలి నాది. అది చాలక క్యాంపు దుకాణంలో బియ్యం అరువు తెస్తే, ఆ వడ్డీ కూడా కంపెనీదే. ఇందులో అబద్ధముంటే చెప్పండి.

2. ఆనాడే మా అమ్మ డల్సీ లేచి అడిగింది. "బాబూ, నేల మా తమ్ముడి చేతిలో ఉన్నా ఆ నాలి చెట్టు నాది. మా అమ్మమ్మ నాటింది. గింజలు కొట్టి, పొయ్యి మీద ఆరబెట్టి, కొన్ని తింటాం, కొన్ని అమ్ముతాం. అది ఏ రకం?"

"అది రాబడి కాదమ్మా, తిండి," అన్నారు తమరు. జనం నవ్వారు. మామయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు. రాబడి లేని చెట్టుకు పరిహారం లేదని వ్రాసుకొని, కొట్టవలసిన చెట్టని ఎర్ర రంగు పూయించి తమరు వెళ్ళితిరి.

3. ఆ చెట్టు కొట్టే వంతు నాకే వచ్చినది. కొట్టనంటే క్యాంపు బాసు, "నీ రంపం కోసం బయట ఎంతమంది నిలబడ్డారో చూశావట్రా?" అన్నాడు. మామయ్య దగ్గరకు పోయాను.

"కంపెనీ కాగితం మీద సంతకం పెట్టేశాను అల్లుడూ, ఇక నా చేతిలో ఏముంది?"

"పెట్టింది ఎవరి చెయ్యి మామయ్యా?"



అమ్మ ఆ చెట్టు గింజలే వేయించి నా అన్నం డబ్బాలో పెట్టింది. అవి తిన్న బలంతో దాన్నే కొట్టాలి అయ్యా. అప్పుడు నాకొచ్చే కూలి ఏ రకం రాబడి?

కావున తమరు వచ్చి గాని, ఒక్క ముక్క వ్రాసి పంపి గాని, ఆ గుర్తు చెరిపించవలెను. ఇంతకు మించి వేడుకోవడం నాకు రాదు. చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఇంకో మాట తెలియక),
మోఫట్ బోసోకురు

తా.క. ఇక్కడినుంచి తమ ఊరికి కంపెనీ దుంగల పడవ తప్ప వేరే దారి లేదు. ఉత్తరాలూ అందులోనే వెళతాయి. దుంగలు నిండితే గాని అది కదలదు. ఇంకొక్క చెట్టే తక్కువని బాసు ఇప్పుడే కేకేశాడు. ఎర్ర గుర్తు వేసిన చెట్లలో మిగిలింది అమ్మదే. ఈ కాగితం తమ చేతికి వచ్చిందంటే, చెట్టు కూడా ఆ పడవలోనే వచ్చినట్టు.