వెనక్కి తోసిన వ్యాను

బావకు సుభాషిణి రాస్తున్నది.

ఇక్కడ మామ, అత్త, నేను బాగున్నాం. మన పాపకు దగ్గు తగ్గింది, బడికి పోతోంది. నీకూ ఆ బోటులో వేళకింత కూడు దొరుకుతోందని అనుకుంటున్నాను. మన పాలెం మస్తాన్ రేపు మీ గుజరాత్ రేవుకే వస్తున్నాడు, అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఫోనైతే సగంలోనే కోప్పడి పెట్టేస్తావు. ఇది చివరిదాకా చదువు.

వ్యాను ఎందుకు ఆగింది, కావలి మెకానిక్కు బెన్హర్ దాన్నేం చేశాడు అని అడిగావు. వచ్చాక వాడి చొక్కా పట్టుకుంటానని కూడా రాశావు. పాపం, అతని తప్పేమీ లేదు బావా. ఇంజను విప్పి, నన్ను పక్కన నిలబెట్టి అంతా చూపించాడు. నాకు అర్థమైనంత రాస్తాను.

ఇంజను పైభాగంలో క్యామ్‌షాఫ్ట్ అని ఒక కడ్డీ ఉంది. దానికి కోడిగుడ్డు ఆకారంలో గుబ్బలుంటాయి. కడ్డీ తిరిగేటప్పుడు గుబ్బ మొన వాల్వును కిందికి నొక్కుతుంది. ఆ సందులో గాలి, పెట్రోలు లోపలికి పోతాయి. మొన దాటగానే స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. పొగ బయటికి పోవడానికి ఇంకో వాల్వు, దానికి ఇంకో గుబ్బ. కింద పిస్టన్లను ఆడించే షాఫ్టు రెండు చుట్లు తిరిగితే పైకడ్డీ ఒక చుట్టు తిరగాలి. ఈ రెంటినీ కలిపి ఉంచేది పళ్ళ బెల్టు. అది పన్ను తప్పితే, వాల్వు ఇంకా తెరిచి ఉండగానే పిస్టన్ పైకొచ్చి గుద్దుతుంది. మన వాల్వులు అలాగే వంగిపోయాయి.

ఆ రోజు అత్త చేపల బుట్టలు ఎక్కించేసరికి బ్యాటరీ పని చెయ్యలేదు. వ్యాను ముందంతా ఇసుక. తోసి స్టార్టు చేద్దామని మామ బోటు తోసే మనుషులనే పిలిచాడు. "ఎటు తోస్తే ఏందిరా, కదిలితే చాలదా" అన్నాడు. బోటుకు చాలేమో గానీ దీనికి చాలదు. హైలెస్సా అంటూ పాలెమంతా కలిసి వెనక్కి తోశారు. గేరేమో ముందుకు పోయే ఫస్టులో ఉంది. క్లచ్చి వదలగానే ఇంజను వెనక్కి తిరిగి బెల్టు పన్ను తప్పి జారింది. రోడ్డెక్కించి ముందుకు తోసేసరికి లోపల టకటకమని కొట్టుకుని ఆగిపోయింది.

ఇక అసలు సంగతి. వ్యాను మామ నడుపుతున్నాడని నీకు చెబుతూ వచ్చాం. మామకు కంట్లో పొర వచ్చింది, దూరం ఆనడం లేదు. నువ్వు వచ్చేదాకా ముట్టుకోవద్దని నాకు చెప్పి పోయావు. నేను ముట్టుకున్నాను. నేర్చుకున్నాను, లైసెన్సు తీసుకున్నాను, రోజూ కావలికి నేనే తోలుతున్నాను.

ఇది రాయడానికి కూర్చుంటే మామ వచ్చి, "నేనే స్టీరింగు కాడ కూర్చున్నానని రాయమ్మా. నన్నైతే వాడు ఏమీ అనలేడు" అన్నాడు. అలా రాద్దామనే అనుకున్నాను. కానీ ఆ రోజు ఆయన వ్యాను ముందు నిలబడి, బానెట్టుకు భుజం ఆనించి తోస్తున్నాడు. ముందద్దంలోంచి ఆయన ముఖం నాకెదురుగానే ఉంది. ఆ క్లచ్చి వదిలిన కాలు నాది బావా.

బెన్హర్ కొత్త వాల్వులు, కొత్త బెల్టు వేశాడు. నిన్న బుట్టలేసుకుని పోయొచ్చాను, ఇంజను శబ్దం బాగుంది. నువ్వు రైలు దిగే రోజు స్టేషను బయట వ్యానుతో నేనే ఉంటాను. తిట్టదలుచుకుంటే పక్క సీట్లో కూర్చుని తిట్టు. తాళం మాత్రం ఇవ్వను.

ఇట్లు,
నీ మేనత్త కూతురు,
సుభాషిణి