సొరుగులో పడేసిన ఫైటింగ్ గేమ్

బందరు, 15-6-2003, ఆదివారం

ఈ రోజు గుడివాడ వెళ్ళకుండా ఉండాల్సింది. ప్రసాద్ బావ వీడియో గేమ్ షాపులో కాలు పెట్టే చోటు లేదు. అందరూ ఒక్క టీవీ చుట్టూనే మూగారు. చూస్తే అదే గేమ్! గుద్దులూ తన్నులే కాక, కిందపడేసి పట్లు కూడా పట్టే ఆ ఫైటింగ్ గేమ్. గేముల పత్రికవాళ్ళు ఆకాశానికెత్తేస్తే చదివి, బావకంటే ముందు తెప్పించింది నేను. ఇక్కడ నా గేమ్ షాపులో మాత్రం కుర్రాళ్ళు "ఇద్దరూ కిందపడి దొర్లడమేంటండీ, బోరు!" అన్నారు. రెండో రోజుకే ఆ సీడీని సొరుగులో పడేసి, పత్రికవాళ్ళని తిట్టుకున్నాను.

బావ చేసిందల్లా ఒక్కటే. "ఇది ఫైటింగ్ కాదురా, కబడ్డీ అనుకోండి. పట్టు దొరికితే వదలకూడదు, దొరికిపోతే విడిపించుకోవాలి" అన్నాడట. అంతే! ఇప్పుడు ఎవడు పట్టు పట్టినా షాపంతా కూత పెడుతోంది. కాలేజీ టీములో కబడ్డీ ఆడినవాణ్ణి నేను. బావ ఏనాడూ బరిలో దిగి ఎరగడు. మరి ఆ ముక్క నాకెందుకు తట్టలేదు?

పైగా నా భుజం మీద చెయ్యేసి, "ఈ గేమ్ సంగతి నాకు చెప్పిందే మా బావండీ" అని అందరికీ పరిచయం చేశాడు. ఆ మంచితనానికి ఇంకా ఒళ్ళు మండింది.

బయటికొస్తుంటే గుంపులోంచి రాజు పలకరించాడు. నా షాపుకి రోజూ వచ్చే డిగ్రీ కుర్రాడు. బోరని మొదట అన్నది వాడే. అదే గేమని వాడికి గుర్తు కూడా లేదు.

"దీనికోసం బస్సెక్కి వచ్చానండీ. మన బందర్లో మీరూ తెప్పించకూడదా?"

"తెప్పిస్తాలే" అన్నాను.