బూడిదను పట్టుకున్న బూజు

జూన్, శనివారం రాత్రి

నాంపల్లిలోని మా అటవీశాఖ ఆఫీసులో ఇవాళ మళ్లీ అదే పాట. కాలిపోయిన అడవిని సోమవారం జేసీబీతో దున్నించి, మొక్కలు నాటి, ఫొటోలు దిగాలట.

ఆ అడవి నుంచి తెచ్చిన మట్టిపెళ్లను మా సారు బల్ల మీద పెట్టాను. బూడిద నిండా తెల్లటి బూజు దారాలు.

"వానకు మట్టి కొట్టుకుపోకుండా ఇవే పట్టుకుంటాయి సార్. దున్నితే తెగిపోతాయి" అన్నాను.

"ఏందమ్మా, బూజు కోసం పని ఆపాల్నా? గా చెత్త అవతల పారెయ్."

పెళ్ల మీద నీళ్లు పోశాను. తేటగా కారాయి. సగం విరిచి, చేత్తో నలిపి, మళ్లీ పోశాను. నల్లటి బురద బల్ల దాటి ఆయన ఒళ్లోకి కారింది.

మిగిలిన సగం పెళ్ల అబిడ్స్‌లోని ఈ గదిలో, నా టిఫిన్ డబ్బాలో ఉంది. ఉద్యోగం ఊడుతుందేమో... ఊడనీ. సోమవారం జేసీబీ కంటే ముందే నేను ఆ అడవిలో ఉంటా. దున్నాలంటే ముందు నన్ను దున్నాలి.