సగంలో ఆగిన మా మనవరాలి జవాబు గురించి

విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చర్చి వెనుక గదిలోని మా బడిని మూసివేయుచు తమరు జారీ చేసిన ఉత్తర్వును నిలుపుదల చేయుట గురించి.

1. పుస్తకములకు బైండింగు చేయుచు ముసలివాడనైన నేను, కొద్దిమంది పిల్లలకు బైబిలు, లాటిను, తర్కము, వక్తృత్వము పాతకాలపు క్రైస్తవ పద్ధతిలో నేర్పుచున్నాను. నేను ఏ కాలేజీ గుమ్మమూ ఎక్కలేదు. కుట్టుటకిచ్చిన లాటిను వ్యాకరణము కోసం దాని సొంతదారు తిరిగి రాలేదు. ఊరకే పడి ఉన్నది కదా అని చదివితిని. అది వేరే కథ, తమకు తీరిక ఉండదు.

2. మా పద్ధతిలో ఒక నియమము కలదు. ఏ ప్రశ్నకైనను ముందు ఎదుటివారి పక్షమును, వారికంటెను బాగుగా చెప్పవలెను. మన పక్షము తరువాతనే. పొరుగువానిని ప్రేమించుట అక్కడ మొదలగునని మా నమ్మకము. దీనివలన ఇంట్లో నాకు సుఖము లేదు. కూర మాడినదంటే మా ఆవిడ "ముందు నా పక్షం చెప్పండి, తర్వాత తిందురుగాని" అని కంచము పక్కకు లాగును.

3. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు మా మనవరాలిని "ఈ బడి ఉండాలా, మూసేయాలా? భయం లేకుండా చెప్పమ్మా" అని అడిగిరి. పిల్ల లేచి, "మూసేయాలండీ. ఇక్కడ లెక్కలు సరిగ్గా చెప్పరు. మా తాతయ్యకి సరిగ్గా వినపడదు. లాటిన్ మాట్లాడేవాళ్లే లేరు, రేపు మాకు ఉద్యోగాలెవరిస్తారు?" అన్నది. నేను మురిసిపోయి తల ఊపుచుంటిని. "అయితే..." అని పిల్ల ఊపిరి తీసుకొనునంతలో ఆయన "చాలమ్మా, పాపం!" అని సంచీ సర్దుకొనిరి. "ఆగండి బాబూ, ఇంకా సగముంది!" అని వెంటపడితిని. "పెద్దాయనా, పిల్లని బెదిరించకండి" అని బండి ఎక్కిరి.

4. "విద్యార్థిని స్వయముగా ఫిర్యాదు చేసినందున" అని ఉత్తర్వులో ఉన్నది. అది తలుపుకు అంటించిననాటి నుండి పిల్ల నోరు విప్పుట లేదు. తోటిపిల్ల ఒకతె "నీవల్లే కదే బడి పోయింది" అన్నదట. "నీ తప్పేం లేదే తల్లీ, బ్రహ్మాండంగా చెప్పావు" అని నేనంటే గోడవైపు తిరిగినది.

కావున తమరు ఒక్క పూట దయచేసి, ఆ మిగిలిన సగము ఆలకించి, పిదప న్యాయమని తోచినది చేయగలందులకు ఈ మనవిని చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
బైండింగు తాత

తా.క.: బడి మూసేసుకోండి బాబూ. పిల్ల చెప్పినవన్నీ నిజాలే. తాళం నేనే వేసి చెవి మీ చేతికిస్తాను. ఒక్కసారి వచ్చి, దాని ఎదురుగా కూర్చుని, "అయితే ఏమిటమ్మా?" అని అడగండి. నేనడిగితే పలకడం లేదు.