అక్క పేరు

మంగళవారం, తిరుపతి

డిప్రెషన్‌కు వాడిన మూడో మందు కూడా మా పాపకు పనిచేయలేదు. "మీ ఇంట్లో ఎవరైనా ఆత్మహత్య చేసుకున్నారామ్మా? ఈ ముప్పు కొంత వంశంలోనూ ఉంటాది, దాచొద్దు," అంది డాక్టరమ్మ.

లేదన్నాను.

మా అక్క పాప వయసులోనే, పదహారేళ్లకే పోయింది. పాము కరిచిందని నాయన మా ఊరు ఐరాలంతా చెప్పాడు. నేనూ ఇన్నేళ్లు అదే చెబుతున్నాను. అక్క మళ్లీ మా ఇంట్లోనే పుట్టాలని పాపకు అక్క పేరే పెట్టుకున్నాను.

బస్సులో పాప కిటికీ వైపు చూస్తూ, "పెద్దమ్మను పాము కరవలేదని అవ్వ నాకు ఎప్పుడో చెప్పినాది మా. ఈరోజన్నా నువ్వు నిజం చెప్తావేమో అని సూస్తా ఉండినా," అంది.

రేపు పొద్దున్నే డాక్టరమ్మకు ఫోన్ చేసి అక్క ఎలా పోయిందో చెప్పాలి.

ఇంటికొచ్చి అన్నం వడ్డించి, ఎప్పటిలా పేరు పెట్టి పిలవబోయాను. అది అక్క పేరు. "పాపా, రా," అన్నాను.