మస్తాను ముందే ముట్టించిన బాణసంచా

ఆత్మకూరు, 1954 ఫిబ్రవరి, శనివారం రాత్రి

కొత్త రైసుమిల్లు తెరిచినందుకు శెట్టికి మద్రాసు బ్యాండే కావాల్సి వచ్చింది. ఎర్రకోట్లు తొడిగిన పన్నెండు మంది సంత మైదానంలో నిలబడి బుగ్గలు ఉబ్బించి ఊదారు. దూడ తప్పిపోయిన బర్రె అంతకన్నా శ్రుతిలో అరుస్తుంది. శెట్టి మాత్రం అంతా అర్థమైనట్టు తల ఊపుతున్నాడు.

నేను ఊరుకుంటానా? ముందు వరసలో కూర్చుని, బాకాలు ఊదేవాళ్ల కళ్లెదుటే పచ్చి చింతకాయ కొరికి చప్పరించాను. వాళ్ల నోళ్లలో నీళ్లూరి, బాకాలన్నీ గుడగుడమని ఆగిపోయాయి. జనం పడీపడీ నవ్వారు.

బాణసంచా మస్తానుకు శెట్టి చెప్పింది ఒకటే మాట: "బ్యాండు ఆగంగానే ముట్టించు." మైదానం అవతలున్న మస్తాను కచేరీ అయిపోయిందనుకుని ముట్టించేశాడు. రెండు నెలలు కూర్చుని కూరిన మందంతా కాలిపోయాక, ముఖ్య అతిథిగా రావాల్సిన డిప్టీ కలెక్టరు కారు దిగాడు. ఆ మహానుభావుడు మెడ ఎత్తి పొగను చూసి చప్పట్లు కొట్టాడు.

"చెవులుండాయా నీకు? ఇంక నా గడప తొక్కబాకరా!" అని శెట్టి మస్తాను మీద అరిచాడు. ఈ చుట్టుపక్కల బాణసంచా చేయించేది శెట్టి ఒక్కడే. తప్పు నాదని అప్పుడే చెప్పాల్సింది. రేపైనా చెప్పాలేమో. ఆ శెట్టి ముందు నేను చేతులు కట్టుకుని నిలబడటమా, ఛీ.

అందరూ వెళ్లాక మస్తాను నా దగ్గరికొచ్చి, "అన్నా, ఆకాశంలో ఆ పచ్చపువ్వు ఎట్టా విచ్చుకుందో చూసినావా? మూడేళ్లుగా కుదరని రంగు అది, అన్నా," అన్నాడు.

చూశానన్నాను. అది విచ్చుకునేటప్పుడు నేను బ్యాండువాళ్ల మొహాలు చూసి నవ్వుతున్నాను.