ఇరవై ఎనిమిది దాకా సంతకాలు

ఒకటో తేదీ, ఉదయం 6:10
నేటి నుంచి రోజుకు పది ఇంగ్లీషు వాక్యాలు! ఒట్టు!
ఇరవయ్యో తేదీన సూపర్‌వైజర్ పోస్టుకి రాతపరీక్ష. పదకొండేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాను, మోటారు దగ్గినా ఎందుకో చెప్పగలను. అయినా రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ఒకే ప్రశ్న. గతంలో రెండు పనులు జరిగితే, ముందు జరిగినదానికి ‘హాడ్’ తగిలించాలి, తర్వాతది మామూలుగా వదిలేయాలి. ఇంతేనా! దీనికా నేను భయపడింది!
గురువు: అత్తగారు. రిటైరైన ఇంగ్లీషు టీచరు. మా బిల్డింగులోనే ఐదో అంతస్తు. ఇంకా ఎర్రపెన్ను వదల్లేదు.

రెండు, రాత్రి 8:00
పదికి సున్నా. పరవాలేదు, లెక్క మొదలయ్యేది సున్నాతోనే.

నాలుగు
‘హాడ్’ రెండువైపులా పెట్టాను. గ్రీజులాగా, ఎక్కువైతే నష్టం ఏముంది?
“ఏది ముందో, ఏది తర్వాతో మీ మనసులో తేలాలి అల్లుడుగారూ. అది తేలితే ఇంగ్లీషు దానంతటదే వస్తుంది” అన్నారు అత్తగారు.
సున్నా.

ఐదు
తలనొప్పి. పైగా పెన్ను సరిగా రాయడంలేదు. పైగా కుర్చీ ఎత్తు తక్కువ.
“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది” అంది మా ఆవిడ. తల్లి పోలిక!

ఆరు, ఉదయం 11:00
బ్రహ్మాండమైన ఆలోచన! నాలుగు రోజుల డైరీ ఇవాళే రాసేస్తే సరి, ఇక ఒత్తిడి ఉండదు. మా పనిలో పద్ధతి ఇదే. లిఫ్టులో తనిఖీ కార్డు వేలాడుతుంది, వారానికో గడి. నెల మొదట్లోనే గడులన్నిటికీ సంతకాలు గీకేస్తాం. ఎంత సమయం ఆదా!

ఏడు
పది వాక్యాలు రాశాను. అద్భుతం!

ఎనిమిది
పది వాక్యాలు రాశాను. అద్భుతం!

తొమ్మిది
పది వాక్యాలు రాశాను. అత్తగారు మెచ్చుకున్నారు!

పది
పది వాక్యాలు రాశాను. అద్భుతం!

పది (ఇది నిజంగా పదో తేదీన), సాయంత్రం 5:40
మా బిల్డింగు లిఫ్టు, అదీ నా డ్యూటీలోదే, మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది. లోపల అత్తగారు. నలభై నిమిషాలు.
పైన మోటారు చక్రం చేత్తో తిప్పి, నాలుగో అంతస్తుకి తెచ్చి తలుపు తీశాను. తలుపు గాడిలో చెత్త పేరుకుపోయింది. కార్డు ప్రకారం ఏడో తేదీన ఆ గాడిని తుడిచాను.
ఆవిడ కూరల సంచీ పక్కన కింద కూర్చున్నారు. చేతిలో ఆ కార్డే.
“ఇవాళ పదే కదా. ఇరవై ఎనిమిది దాకా చూసేశారే! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా?”
వెటకారం బాగానే ఉంది కానీ, ఆవిడ గోడ పట్టుకుని లేచి, మెట్లమీదుగా ఐదో అంతస్తుకి వెళ్ళారు. నాకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

పదకొండు, ఉదయం 9:00
లిఫ్టు ఎందుకు ఆగిందో మధ్యాహ్నానికల్లా ఇంగ్లీషులో రిపోర్టు ఇవ్వాలి.
“గాడి పాతదైపోయిందని రాసి పడెయ్. పరీక్ష ముందు పెట్టుకుని నెత్తిన రాయి వేసుకుంటావా?” అన్నాడు మేనేజరు. అలాగే రాశాను. అత్తగారికి చూపించడానికి ఐదో అంతస్తుకి వెళ్ళాను. ఆవిడ మెట్లెక్కి వస్తున్నారు, అంతస్తుకోసారి ఆగుతూ. ఆ కాగితం చింపేశాను.
మెట్ల మీదే కూర్చుని మళ్ళీ రాశాను. “వెన్ ది లిఫ్ట్ స్టాప్డ్, ఐ హాడ్ ఆల్రెడీ సైన్డ్ ఫర్ ది ట్వంటీ ఎయిత్.” లిఫ్టు ఆగేసరికే ఇరవై ఎనిమిదో తేదీ సంతకం కూడా పెట్టేసి ఉన్నాను.
ఆవిడ రెండుసార్లు చదివారు. ఎర్రపెన్ను తీసి టిక్కు పెట్టారు. నా బతుకులో మొదటి టిక్కు!
“ఏది ముందో తేలింది, బాబూ” అన్నారు.
మధ్యాహ్నం 3:00. ఆ రిపోర్టే ఇచ్చాను, పరీక్ష జాబితాలోంచి నా పేరు కొట్టేశారు. మళ్ళీ వచ్చే ఏడాదే.

పన్నెండు, ఉదయం 6:10
నేటి నుంచి రోజుకు పది వాక్యాలు. ఒట్టు! ఏడాది గడువుంది.
ముందు గాడి తుడిచాను. తర్వాత కొత్త కార్డు మీద సంతకం పెట్టాను, ఒక్క గడికే.
పదమూడో తేదీ పేజీ ఖాళీగా ఉంది. ఇవాళే నింపేద్దామని చేయి దురద పెడుతోంది. పెన్ను ఐదో అంతస్తులో ఇచ్చి వస్తాను.